తెల్లబట్ట – కారణములు, చికిత్స

ఈనిన గేదెకు దుర్వాసనతో చీము పడినచో రైతు ఆలస్యము చేయక పశువైద్యుని పిలుచును. ఇల్లాలికి అటువంటి బాధ కలిగినచో ఆమె సిగ్గుచే చెప్పదు. చెప్పినను “వేడి చేసినది” అని ఊరకుందురు. ఇది తగదు.

సహజ స్రావము: ఈడు వచ్చిన స్త్రీలకు కొంత స్రావముండుట సహజము. రెండు ముట్టుల నడుమ అది కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగును. గర్భిణులలో హెచ్చును. దురద, మంట, దుర్వాసన లేనిచో మందు అక్కరలేదు.

ఎముకలు కరిగిపోవుటచే నీరసము వచ్చునను నమ్మకము సరికాదు. నీరసమునకు తరచు కారణము రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రములందును సగమునకు పైగా స్త్రీలలో ఇది కానవచ్చినది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చి, తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత నెలకొన్న జాతీయ పోషకాహార సంస్థ, ఇనుము, అయోడిను రెండును చేర్చిన ఉప్పును ఇందులకే రూపొందించినది. ఆకుకూరలు, పప్పులతోపాటు నిమ్మ, ఉసిరి తినవలెను.

వ్యాధి లక్షణములు:
1. విరిగిన పాలవలె తెల్లని ముద్దలు, విపరీతమైన దురద – ఇది ఈస్టుజాతి శిలీంధ్రము. మధుమేహము గలవారికి, గర్భిణులకు, యాంటీబయాటిక్ మందులు వాడినవారికి హెచ్చుగా వచ్చును.
2. పలుచని బూడిదరంగు స్రావము, చేపల వాసన – లోపలి మేలుచేయు సూక్ష్మజీవులు తగ్గి, ఇతర జీవులు పెరుగుట.
3. పసుపుపచ్చని నురుగు, మంట – ట్రైకోమోనాస్ అను పరాన్నజీవి. ఇది దాంపత్యమువలన అంటును. భర్తకు బాధ లేకున్నను ఇరువురును ఒకేసారి మందు తీసికొనవలెను.
4. చీము, పొత్తికడుపు నొప్పి, జ్వరము – గర్భాశయమునకు వ్యాధి ప్రాకినదని అనుమానింపవలెను. అశ్రద్ధ చేసినచో సంతానము కలుగకపోవచ్చును.
5. నెత్తురు కలిసిన దుర్వాసన స్రావము, ముట్లుడిగిన పిమ్మట నెత్తురు – గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కావచ్చును. ఒక్కరోజైనను ఆగక పెద్దాసుపత్రిలో చూపవలెను.

పురుగుమందు తెగులును ఆపదు. తెగులుమందు పురుగును చంపదు. ఇదియు అంతే. కావున ఇరుగుపొరుగు వాడిన మాత్రలు కొనక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పరీక్ష చేయించవలెను. సబ్బుతో, డెట్టాలుతో లోపల కడుగరాదు. ముట్టుగుడ్డలను చాటున తడిగా ఉంచక, ఉతికి ఎండలో ఆరవేయవలెను.

పంచాయతీ కార్యదర్శులు ఆశా కార్యకర్తల ద్వారా ఈ సంగతులను ఇంటింటికి చేర్చగలరు. రైతు సోదరులు తమ ఇండ్లలో నేడే అడిగి తెలిసికొనవలెనని కోరిక.