‘ఏటీ లేదు, నువ్వు చదువుకో’

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపిస్తుంది. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. వేట విరామ భృతి కొంత ఆదుకుంటుంది గానీ ఇల్లు నడవాలంటే చేబదుళ్లు తప్పవు. సరిగ్గా బోట్లు మళ్లీ కదిలే రోజులకే బడులూ తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, బూట్లు, ఆటోవాడికి అడ్వాన్సు, అన్నీ ఒక్క వారంలో వచ్చి పడతాయి.

విశాఖ వన్ టౌన్ ఇళ్లు మనకు తెలియనివి కావు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, చాలా ఇళ్లలో అందరూ పడుకునేది ఒకే గదిలో. పిల్లాడు నిద్రపోయాడనుకుని అమ్మా నాన్నా గుసగుసగా లెక్కలు వేసుకుంటారు. వాడు నిద్రపోడు. పొద్దున్నే అమ్మ మెడలో పసుపుతాడు మాత్రమే కనిపిస్తుంది. “అమ్మా, నీ గొలుసేదీ?” అని అడుగుతాడు. “ఏటీ లేదు, నువ్వు చదువుకో” అంటుంది తల్లి.

ఈ జవాబు బోట్ల మీద పనిచేసే కళాసీల ఇళ్లలోనే వినబడుతుందనుకోకండి. పూర్ణా మార్కెట్‌లో బేరాలు పడిపోయిన ఇంట్లోనూ, పోర్టులో కాంట్రాక్టు పని ఆగిన ఇంట్లోనూ ఇదే మాట. ఉక్కు ఫ్యాక్టరీలో వాటాలు అమ్మేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించిన దగ్గర్నుంచి ప్లాంటు మీద బతికే కుటుంబాల్లోనూ ఇదే మాట. అందులో ఉన్నదంతా ప్రేమే. మన బరువు పసివాడి నెత్తిన పడకూడదన్న తాపత్రయం. ఆ ప్రేమను శంకించే హక్కు ఎవరికీ లేదు. మనం కలిసి చూసుకోవాల్సింది ఒక్కటే, ఆ మాట వాడి మనసులోకి వెళ్లాక ఏమవుతోంది అని.

పిల్లలకు మన కష్టం వివరం తెలియదు గానీ కష్టం ఉందని మాత్రం తెలిసిపోతుంది. నాన్న కంచంలో అన్నం కెలుకుతూ కూర్చోవడం, అమ్మ ఫోన్ మోగగానే వాకిట్లోకి వెళ్లి మాట్లాడటం, ఇవన్నీ వాళ్లు చూస్తూనే ఉంటారు. కారణం మనం చెప్పకపోతే వాళ్లే ఒకటి వెతుక్కుంటారు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల ఆలోచనలో లోకమంతా తమ చుట్టూనే తిరుగుతుంది. అందుకే వాళ్లకు దొరికే కారణం చాలాసార్లు తామే. ‘నేను సైకిల్ కొనమన్నాను కదా, అందుకే నాన్న మాట్లాడట్లేదు.’ ‘లెక్కల్లో మార్కులు తగ్గాయి కదా, అందుకే అమ్మ ఏడుస్తోంది.’ మనం దాచింది అప్పు. వాడు మోస్తున్నది తప్పు చేశానన్న బాధ. అప్పుకైతే ఎప్పటికైనా తీరే రోజు ఉంటుంది.

కాస్త ఎదిగిన పిల్లలు ఇంకోటి నేర్చుకుంటారు. ఈ ఇంట్లో కష్టం వస్తే నోరు మూసుకోవాలి అని. నాన్నకు భయం లేదు, అమ్మకు అలుపు లేదు, ఇంట్లో పిరికివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటారు. తొమ్మిదో తరగతిలో ఎవడో బెదిరించినప్పుడు, ఇంటర్ మొదటి ఏడాదిలో ఫిజిక్స్ అర్థం కానప్పుడు, వాడి ముఖం చూసి మనం గాబరాగా “ఏటయింది నాన్నా?” అంటాం. “ఏటీ లేదమ్మా” అంటాడు. మన మాటే మనకు తిరిగి అప్పజెప్తాడు. పిల్లలు మాతో ఏదీ చెప్పుకోరండీ అని కళ్లనీళ్లు పెట్టుకునే తల్లిదండ్రులతో ఈ మాట అనాలంటే మనసొప్పదు. కానీ చెప్పకపోవడం వాళ్లు ఎక్కువగా నేర్చుకునేది ఇంట్లోనే.

ఇది పెద్ద పిల్లలతో మొదలయ్యేదీ కాదు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970లలో నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. తల్లి కాసేపు బిడ్డను ఆడించి, ఆ తర్వాత కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డనే చూస్తూ ఉండాలి. తిట్టదు, కొట్టదు, లేచి వెళ్లిపోదు. అయినా బిడ్డ తట్టుకోలేదు. నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, కేరింతలు కొడుతుంది, చివరికి ముఖం తిప్పేసుకుని ఏడుస్తుంది. తల్లి మళ్లీ నవ్వి దగ్గరికి తీసుకుంటే ఆ బిడ్డే మళ్లీ తేరుకుంటుంది. బిడ్డలకు లోటు లేని తల్లి అక్కర్లేదు, అందే తల్లి కావాలి. మనం పిల్లల కోసమని పెట్టుకునే ధైర్యం ముఖం ఒక్కోసారి వాళ్లకు ఆ కదలని ముఖంలాగే కనిపిస్తుంది.

2014 అక్టోబర్ 12 ఆదివారం మన ఊళ్లో ఎవరూ అలాంటి ముఖం పెట్టుకోలేకపోయారు. హుద్‌హుద్ తుఫాను తలుపులు విరగ్గొడుతుంటే నాన్నలు వీపు ఆనించి నిలబడ్డారు, అమ్మలు పైకే ఏడ్చారు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాలూ పెట్రోలూ కావాలంటే బారులు. పక్కింటి తలుపు తట్టి నీళ్లు అడగడానికి ఎవరికీ నామోషీ అనిపించలేదు. ఆ రోజుల్ని పిల్లలుగా చూసినవాళ్లను అడిగి చూడండి. భయంతో పాటు అందరం ఒకేచోట పడుకున్నాం, నాన్న చెయ్యి పట్టుకునే ఉన్నాడు అని కూడా చెబుతారు. నాన్నకూ భయమేసిందని వాళ్లకు తెలుసు. నాన్న మీద నమ్మకం ఏమీ తగ్గలేదు. భయపడుతూనే తలుపు వదలని మనిషిని చూశారు మరి.

బురుజుపేట అమ్మవారు మనందరి ఇంటి దేవతే. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి దర్శనానికి నిలబడే బారులు చెప్పక్కర్లేదు. ఆ తల్లి నెత్తి మీద కప్పు లేదు, ఎడమ చెయ్యి ఖండితం. భిన్నమైన విగ్రహాన్ని పూజించకూడదంటారు పెద్దలు. అయినా ఈ ఊరు ఆ తల్లినే కొలుస్తోంది. ఎవరైనా నేరుగా వెళ్లి తమ చేత్తో పసుపు కుంకుమ పెట్టొచ్చు, పసిబిడ్డను తీసుకెళ్లి పాదాల దగ్గర పడుకోబెట్టొచ్చు. నొచ్చిన చెయ్యి ఉన్న తల్లి దగ్గరికి వెళ్లడానికి మనకెవరికీ జంకు లేదు. మన పిల్లలకు మన దగ్గర ఆ చనువు ఎందుకు ఉండకూడదు?

అలాగని మనసులో ఉన్నదంతా పిల్లల ముందు కుమ్మరించమని కాదు. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. అప్పు వివరాలు, వడ్డీ లెక్కలు, అత్తగారి మీద కోపం పిల్లలకు అక్కర్లేదు. మొగుడి మీద ఫిర్యాదు కూతురితో చెప్పుకుంటే ఆ పిల్ల నాన్న ముఖం చూడలేదు, అమ్మను వదలలేదు, మధ్యలో నలిగిపోతుంది. “ఇంత కష్టం నీ కోసమే పడుతున్నాం” అన్న మాటైతే మన నోట రాకుండా చూసుకుందాం. అది విన్న పిల్లాడు చదివే ప్రతి పేజీ మీదా బాకీ రాసుకుంటాడు.

మరి ఎంత చెప్పాలి? ఇంత చాలు: “నాన్నా, వేట లేదు కదా, ఈ నెల డబ్బులకి ఇబ్బందిగా ఉంది. నాకూ దిగులుగానే ఉంది. నీ వల్ల కాదు. నేనూ అమ్మా చూసుకుంటాం.” జరిగింది చెప్పాం, మన మనసు చెప్పాం, వాడి మీది నింద తీసేశాం, బరువు మన దగ్గరే ఉంచుకున్నాం. చివరి రెండు ముక్కలూ మర్చిపోతే మొదటి రెండూ వాడికి భారమే.

మగపిల్లల విషయంలో మనకు ఇంకాస్త ఓపిక కావాలి. మోకాలు చెక్కుకుపోయి ఏడిస్తే “మగపిల్లాడివి, ఏడుపేటిరా?” అంటాం. మందు రాసి, నొప్పి తగ్గేదాకా పక్కన కూర్చుంటే సరిపోతుంది. ఏడుపు ఆగడానికి ఎక్కువసేపు పట్టదు. “మగపిల్లాడివి” అన్న మాట విని మింగేసిన ఏడుపు చాన్నాళ్లు లోపలే ఉంటుంది, పదహారేళ్లకు కోపమై బయటికొస్తుంది.

ఇంకొక మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. పిల్ల నమ్మి చెప్పిన సంగతి పెళ్లిలోనో పేరంటంలోనో నవ్వుతూ చెప్పేస్తాం. లేదా కోపమొచ్చినప్పుడు దాన్నే తీసి ఎత్తిపొడుస్తాం. ఆ పిల్ల మళ్లీ మనతో నోరు విప్పడం చాలా కష్టం. అలా జరిగిపోతే “నీ మాట బయట పెట్టాను, తప్పు నాదే” అని నేరుగా చెప్పుకుందాం. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే లోకువైపోతామన్నది మన భయమే. వాళ్లు అలా అనుకోరు.

మాట ఎప్పుడు కదుపుదామా అని ముహూర్తాలు అక్కర్లేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చాలామంది పిల్లలు బిగుసుకుపోతారు. బండి వెనక ఎక్కించుకుని బీచ్ రోడ్డు వైపు వెళ్తున్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, ముఖాలు ఎదురుపడని చోట వాళ్లకు మాట సులువుగా వస్తుంది. మొదటిసారి మన మనసు చెప్పినప్పుడు వాడు “ఊఁ” అని ఫోన్‌లోకి వెళ్లిపోతే నొచ్చుకోవద్దు. వాడి వంతు ఎప్పుడో మనకు పని ఉన్నప్పుడే వస్తుంది. అప్పుడు వెంటనే ఉపాయాలు చెప్పకుండా పూర్తిగా విందాం. “నా వయసులో నాకూ ఇలాగే అనిపించేది” అన్న ఒక్క మాట, నిజమైతేనే, చెబుదాం.

ఒక్కోసారి మన వినడం ఒక్కటే సరిపోదు. తిండీ నిద్రా తప్పిపోయి, స్నేహితుల్ని వదిలేసి, “నేను లేకపోతే మీకు బాగుంటుంది” లాంటి మాట పిల్లల నోట వస్తే దాన్ని బెదిరింపనో నాటకమనో కొట్టిపారేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. కేజీహెచ్ ఆసుపత్రి మనకు కూతవేటు దూరం, వాల్తేరు వైపు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి తీసుకెళ్లండి. చుట్టాలకు ఏం చెప్పాలన్నది తర్వాత చూసుకోవచ్చు.