సందేహాలు – సమాధానాలు: రేడియో అయొడిన్ పనిచేయనప్పుడు

మా అమ్మకు 61 ఏళ్లు. పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, రెండుసార్లు రేడియో అయొడిన్ ఇచ్చారు. ఊపిరితిత్తుల్లోని చిన్న గడ్డలు అయొడిన్‌ను పీల్చుకోవడం లేదట. లెన్వాటినిబ్ అనే మందు ఉంది గానీ మూడు నెలలు చూద్దామన్నారు. ఈలోగా ముదిరిపోదా?
– ఒక కూతురు, మాదాపూర్

మీ భయం అర్థమైందమ్మా. కానీ డాక్టరు సరిగానే చెప్పారు. అయొడిన్‌కు లొంగని గడ్డలన్నీ గబగబా పెరగవు. కొందరిలో ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. అందుకే పాత స్కాన్ పక్కన కొత్తది పెట్టి కొలుస్తాం. గడ్డలు స్పష్టంగా పెరుగుతున్నా, ఆయాసమో నొప్పో మొదలైనా మందు ఇస్తాం. రక్తపరీక్షలో జబ్బుకు సూచికగా చూసే థైరోగ్లోబ్యులిన్ ఒక్కటే పెరిగిందని తొందరపడం.

లెన్వాటినిబ్ గడ్డకు రక్తం అందించే కొత్త నాళాలు పుట్టకుండా అడ్డుకుంటుంది. 2015లో వెలువడిన పరిశోధనలో దీన్ని వాడినవారిలో సగం మందికి జబ్బు 18 నెలలకు పైగా అదుపులో ఉంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది నాలుగు నెలలు కూడా లేదు. అయితే ఇది జబ్బును పట్టి ఉంచుతుందే గానీ పూర్తిగా నయం చేయదు. బీపీ పెంచుతుంది, నీరసం, విరేచనాలు తెస్తుంది. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి ముందుగానే ఆ బాధలు ఎందుకు? ఈలోగా తీసిన గడ్డ ముక్కకు జన్యు పరీక్ష చేయించండి. రెట్ అనే జన్యువులో మార్పు దొరికితే దానికే గురిపెట్టిన సెల్పర్కాటినిబ్ లాంటి మందులున్నాయి.

నాన్నగారికి సోరాఫెనిబ్ మొదలై మూడు వారాలు. అరికాళ్లు ఎర్రబడి పాదం మోపలేకపోతున్నారు. ధర తక్కువని నాసిరకం మందు ఇచ్చారేమో?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

ధర తగ్గడం వెనక మన ఊరి కథ ఉంది. నెలకు సరిపడే 120 మాత్రలను దీని పేటెంట్ ఉన్న బేయర్ కంపెనీ 2,80,428 రూపాయలకు అమ్మేది. 2012 మార్చి 9న పేటెంట్ కార్యాలయం హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకు కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకున్నా మందు తయారుచేసే అనుమతి) ఇచ్చి, వాటిని 8,880 రూపాయలకు మించి అమ్మరాదంది. దేశంలో అదే తొలి కంపల్సరీ లైసెన్సు. అప్పట్లో ఈ మందు కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు. మరుసటి ఏడాదే అమెరికాలో థైరాయిడ్‌కూ అనుమతి వచ్చింది. ఇప్పుడా పేటెంట్ గడువే తీరిపోయింది. తక్కువ ధర చూసి మందును అనుమానించకండి.

అరికాళ్ల మంట ఈ మందు వల్ల మామూలుగా వచ్చేదే, తొలి వారాల్లో మరీ ఎక్కువ. అడుగు వేయలేని స్థితి వచ్చిందంటే ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. కొన్నాళ్లు ఆపించి, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెడతారు. వేడినీళ్లు పోయకండి. యూరియా క్రీమ్ రాసి, మెత్తటి నూలు సాక్సులు వేయండి. మాత్ర పరగడుపున, టిఫిన్‌కు గంట ముందు వేసుకోవాలి. రాత్రిదైతే భోజనమైన రెండు గంటలకు.

ఈ మందూ బీపీ పెంచుతుంది కాబట్టి ఇంట్లోనే రోజూ బీపీ చూడండి. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన గోడ క్యాలెండర్‌లో తిథి పక్కనే పొద్దుటి బీపీ పెన్సిల్‌తో రాసుకుని, నెల కాగానే ఆ కాగితం చింపి తెస్తారు. ఆయన మోతాదు నేను ఆ కాగితం చూసే రాస్తాను.