రెండు భాషలు, ఆలస్యమైన మతిమరుపు

కర్ణాటకను ఆనుకుని ఉన్న రొళ్ల మండలంలో తెలుగు, కన్నడం రెండూ మాట్లాడటం ఎవరికీ వింత కాదు. ఆ అలవాటుకూ మెదడు ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని హైదరాబాద్ నిమ్స్‌లో పరిశోధించిన న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి. తర్వాత ఆమె బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు.

2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన ఆమె బృందం అధ్యయనంలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించారు. రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వచ్చినా, అది వలస వచ్చినవారి ప్రత్యేకతేమోనన్న అనుమానం మిగిలింది. మన దగ్గర పుట్టిన ఊళ్లోనే రెండు భాషలు అబ్బుతాయి కాబట్టి ఆ అనుమానం తీరింది. చదువురాని వారిలోనూ తేడా కనిపించడమే అసలు విశేషం. మూడో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనబడలేదు.

రెండు భాషల ప్రభావంపై ఆమె బృందమే పక్షవాతం రోగులలో చేసిన అధ్యయనం 2016 నాటిది; పరీక్షలో 2013, 2016 సంవత్సరాలను తారుమారు చేసుకోవద్దు.

జన్యువుల సంగతి: డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ ముప్పుతో సంబంధమున్న ఏపీఓఈ జన్యువు 19వ క్రోమోజోముపై ఉంటుంది. ముప్పును పెంచే దాని ఇ4 రూపం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. అలాగే రెండో భాష జబ్బును ఆపదు, వాయిదా వేస్తుందంతే. పరీక్షలో ‘నివారిస్తుంది’ అన్న ఆప్షన్ కనిపిస్తే తప్పని గుర్తించండి.