లాల్‌దర్వాజా నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు?

ప్రశ్న: హైదరాబాద్, తిరుపతి మధ్య దూరం ఎంత? విమాన ప్రయాణానికి ఎంత సమయం పడుతుంది?

జవాబు: హైదరాబాద్ విమానాశ్రయమున్న శంషాబాద్ నుంచి తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 415 కిలోమీటర్లు. కర్నూలు, కడప మీదుగా రోడ్డున వెళ్తే దాదాపు 560. టికెట్‌పై కనిపించే సమయం గంటా పది నిమిషాలకు అటూఇటూగా ఉంటుంది. విమానం రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగడం అందులోనే కలిసి ఉంటాయి. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగం అందుకోగలిగినా, ఇంత తక్కువ దూరంలో ఆ వేగంతో సాగేది కాసేపే. అందుకే 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానానికీ జెట్‌కూ తేడా కొద్ది నిమిషాలే.

అసలు లెక్క ఇంటి గడప నుంచి వేయాలి. హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయం 20 కిలోమీటర్ల లోపే. అయినా అక్కడి రద్దీకి గంట కేటాయించడం మేలు. ఆషాఢంలో సింహవాహిని మహంకాళి బోనాల ఆదివారం గుడి చుట్టూ దారులు మళ్లిస్తారు కాబట్టి ఇంకా ముందే బయలుదేరాలి. విమానాశ్రయంలో రెండు గంటలు, గాలిలో గంటకు పైగా, దిగాక సామాను తీసుకుని 15 కిలోమీటర్ల దూరంలోని తిరుపతి ఊళ్లోకి చేరడానికి మరో గంట. మొత్తం ఐదు గంటలకు పైనే. తిరుమల కొండెక్కడానికి ఇంకో గంట.

రైల్లో వెళ్లాలనుకుంటే, సికింద్రాబాద్ నుంచి 2023 ఏప్రిల్‌లో మొదలైన వందేభారత్ సుమారు ఎనిమిది గంటల పదిహేను నిమిషాల్లో చేరుస్తుంది. లాల్‌దర్వాజా వాసులకు దగ్గరి పెద్ద స్టేషన్ కాచిగూడ. అక్కడ రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి తిరుపతి. వృద్ధులతో వెళ్లేవారికి ఇదే సుఖం.