థింగ్ సంగతి

కిట్టూ,

జర్మన్ మాటలు రోజుకు యాభై చొప్పున బట్టీ పడుతున్నానని రాశావు. బాగుంది. కానీ “డింగ్ అంటే థింగే కదా, వస్తువు, ఇది తేలిక” అన్నావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. తేలికేం కాదురా.

ఆ మాటకు మొదట్లో వస్తువుతో పనే లేదు. ఊళ్లవాళ్లు చేరి తగవులు తీర్చుకునే సభకు పేరది. ఐస్‌లాండ్‌లో థింగ్‌వెట్లిర్ మైదానంలో 930లో కూడిన సభ ఆల్‌థింగ్. ఆ దేశపు పార్లమెంటుకు ఇప్పటికీ అదే పేరు. చట్టాలు ఇంకా రాతలోకి ఎక్కని ఆ రోజుల్లో, ఆ పనికి ఎన్నుకున్న పెద్దమనిషి ఒకడు చట్టాన్ని ఏటా మూడో వంతు చొప్పున అందరి ముందూ నోటికి అప్పజెప్పేవాడు. మన వేదపండితులు విని ఉంటే శభాష్ అనేవారు. నార్వే పార్లమెంటు స్టోర్టింగ్, డెన్మార్క్‌ది ఫోల్కెటింగ్. అంతా ఒకే తాను గుడ్డ.

మరి సభ వస్తువెలా అయిందంటావా? సభకొచ్చిన తగవుకూ సభ పేరే పడింది. తగవు కాస్తా ‘విషయం’ అయింది. విషయం అరిగి అరిగి చివరికి బల్ల మీది చెంబు దాకా దిగింది. లాటిన్‌లో వ్యాజ్యమనే అర్థమున్న ‘కౌసా’ కూడా ఇలాగే ఫ్రెంచిలో వస్తువై కూర్చుంది. అంత దూరం ఎందుకు, సంస్కృతంలో ‘సంగతి’ అంటే కలయిక. మనం రోజూ “ఏంట్రా సంగతి?” అనడం లేదూ? ఈ మాటలకు తమలో తమకు చుట్టరికం లేదు గానీ, మనుషులు చేరిన చోటే మాట్లాడుకునే విషయాలు పుడతాయి మరి.

అందుకే రెండు భాషల్లో ఒకేలా కనిపించే జంట మాటల్ని నమ్మకు. నేను నేర్చుకునే రోజుల్లో మా మేష్టారికి పండ్లబుట్ట ఇస్తూ ‘గిఫ్ట్’ తెచ్చానన్నాను. ఆయన బుట్ట వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. జర్మన్‌లో అది విషం! అదే మాట స్వీడిష్‌లో విషమూ అవుతుంది, పెళ్లైన మనిషీ అవుతుంది. నవ్వకు, అన్నిటికీ మూలం ‘ఇవ్వడమే’. మనమూ పిల్లను ‘ఇచ్చాం’ అంటాంగా.

రోజుకు యాభై వద్దు, పది చాలు. ఒక్కోదాని పుట్టుక నోటుబుక్కులో రెండేసి ముక్కలు రాసుకో. ముందు మంగళవారానికి జర్మన్లు వాడే ‘డీన్స్‌టాగ్’ పట్టు. ఇంగ్లండు ఉత్తరాన హేడ్రియన్ గోడ దగ్గర దొరికిన ఒక రాతి మీద ‘మార్స్ థింగ్సస్’ అనే దేవుడి పేరు చెక్కి ఉంది. మార్స్ అంటే మన కుజుడే. అక్కణ్నుంచి లాగి, ఏం తేలిందో వచ్చే ఉత్తరంలో రాయి.

మీ మామయ్య