తోలు మీద పువ్వు వేసే అచ్చులు: ఏవి కొనాలి, ఏవి మన్నుతాయి

మన వార్షికోత్సవ సంచికలో పోటీ పరీక్షల గురించి, కంప్యూటర్ కోర్సుల గురించి వ్యాసాలు ఏటా వస్తూనే ఉంటాయి. అవి రావలసినవే. ఈసారి మేము తోలు పని గురించి రాస్తున్నాము. మన హాస్టళ్ళలో చదివే పిల్లల్లో ఎందరి ఇళ్ళలోనో తాతల నాటి ఆరె, రంపె ఇంకా చూరులో గుచ్చి ఉన్నాయి. చదువుకున్న పిల్లవాడు వాటిని ముట్టుకోవడానికి సిగ్గుపడతాడు. మరోపక్క అదే తోలు మీద నాలుగు పూలు, ఒక అంచు వేసి బెల్టుగానో, పర్సుగానో, పుస్తకం అట్టగానో మారిస్తే పట్నంలో జనం మంచి ధర ఇచ్చి కొనుక్కుంటున్నారు. ఆ పూలు వేసేది చేతి పనితనం ఒక్కటే కాదు, చేతిలోని అచ్చు కూడా. కొత్తగా ఈ పనిలోకి దిగే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరికంటే ముందు డబ్బు పోగొట్టుకునేది ఈ అచ్చుల దగ్గరే. అందుకే ఈ వ్యాసం.

అచ్చు కంటే ముందు తోలు సంగతి తెలియాలి. ముద్ర అన్ని తోళ్ళ మీదా నిలవదు. మన పెద్దలు లందలో సున్నం పెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి తీసిన తోలు, అంటే చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు, ముద్రను పట్టుకుంటుంది. తంగేడు చెక్క, కరక్కాయలతో మద్రాసు ప్రాంతంలో తయారైన తోలును ఆ రోజుల్లో ఇ.ఐ. తోలు అనే పేరుతో విదేశాలకు పంపేవారు. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తగా, రబ్బరులా ఉంటుంది. దాని మీద ఎంత గట్టిగా కొట్టినా ముద్ర కాసేపటికి మళ్ళీ పైకి లేచిపోతుంది. నేటి బూట్ల పైతోలులో ఎక్కువ భాగం ఈ క్రోము తోలే. కొనేటప్పుడు కోసిన అంచు చూడండి. లోపల నీలి బూడిద రంగు ఉంటే క్రోము, పైనుంచి కింది వరకు గోధుమ రంగు ఉంటే బెరడు తోలు. గోటితో నొక్కితే గీత నిలిచిపోవాలి. నీటి చుక్క వేస్తే పీల్చుకుని నల్లబడాలి. చెన్నై సెంట్రల్ స్టేషనుకు దగ్గరలోని పెరియమేట్ బజారులో రెండు రకాలూ దొరుకుతాయి. అడిగి, చూసి తీసుకోవాలి. బెల్టు మీద లోతైన పువ్వు రావాలంటే 3 మిల్లీమీటర్లకు తగ్గని మందం కావాలి.

రెండో సంగతి పదును. రైతు బిడ్డలకు ఈ మాట చెప్పనక్కరలేదు. నేల బురదగా ఉంటే విత్తనం వేయరు, ఎండి బీటలు వారితే అసలే వేయరు. తోలుకూ అంతే. స్పాంజితో నీళ్ళు అద్ది, లోపలికి ఇంకనిచ్చి, పైన మళ్ళీ దాని అసలు రంగు తిరిగి వస్తుండగా, ముట్టుకుంటే చల్లగా తగిలే వేళ అచ్చు వేయాలి. అప్పుడు ముద్ర అడుగున ముదురు గోధుమ రంగు తేలుతుంది. తడి ఎక్కువైతే ముద్ర మెత్తబడి చెదురుతుంది, తక్కువైతే అచ్చు ఎగిరి పడుతుంది. "పదును చూడకుండా కొడితే తోలు నీ మాట వినదు అబ్బయ్యా" అని మా పక్క ముసలివాళ్ళు అనేమాట ఇందుకే.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. తోలు శుద్ధిని ఒక శాస్త్రంగా చదివి ప్రపంచం ముందు నిలబెట్టిన వారిలో మన తెలుగువాడు ఉన్నారు. 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు చెన్నై అడయారులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. తర్వాత దేశంలోని అనేక శాస్త్ర పరిశోధన సంస్థలను నడిపే సి.ఎస్.ఐ.ఆర్.కు నాయకత్వం వహించారు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు. తోలు అంటే ముక్కు మూసుకునే రోజుల్లో, వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడు దానిని చదువుగా ఎంచుకున్నాడు. తరతరాలుగా ఆ పని చేసినవాళ్ళ పిల్లలం మనం సిగ్గుపడటంలో అర్థం లేదని మా అభిప్రాయం.

తోలు అలంకరణ అంతా ఒకటి కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు పచ్చి మేక తోలును కాగితంలా పలుచగా చేసి, సన్నని ఉలులతో చిల్లులు పొడిచి నగలు, అంచులు తీరుస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ పనిలో ఉలికి కోత పదును ఉండాలి. బెంగాలులోని శాంతినికేతన్ సంచుల మీద కనిపించేది నొక్కుడు పని. మనం మాట్లాడుకునేది ఈ రెండో రకం. ఇందులో అచ్చు కోయకూడదు, తోలును అణచాలి. కాబట్టి దాని ముఖం అంచు స్పష్టంగా ఉండాలే గాని కత్తిలా ఉండకూడదు. చాలామంది కొత్తవాళ్ళు పదునైన అచ్చు మంచిదనుకుంటారు. అది తోలు పైపొరను చీల్చేస్తుంది.

ఇక లోహాల సంగతి. బజారులో సెట్టుగా, ప్లాస్టిక్ డబ్బాలో మెరుస్తూ వచ్చే చవక అచ్చులు ఎక్కువగా జింకు మిశ్రమంతో పోతపోసినవి. జింకులో కొద్దిగా అల్యూమినియం కలిపిన ఈ లోహం తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి మూసలో పోయడం తేలిక, ఖర్చు తక్కువ. పైన నికెలు, క్రోము పూత వేస్తారు. కొత్తలో పని చక్కగానే చేస్తుంది. నేర్చుకునేవాడికి పనికిరాదని మేము అనము. కాని లోహం మెత్తన. ఇనుప సుత్తితో కొడితే తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, సన్నని మెడ దగ్గర ఒకనాడు విరుగుతుంది. మరమ్మతు ఉండదు. పూత రేగిన చోట ముఖం గరుకై, ప్రతి ముద్రలోనూ ఆ గీత పడుతుంది. వంద ముద్రలు ఉన్న బెల్టు మీద వంద గీతలు. పూత పోయిన అచ్చును ఆకురాయితో గాని గరుకు కాగితంతో గాని రుద్ది సరిచేద్దామనుకుంటే నగిషీ కూడా అరిగిపోతుంది.

కొన్ని అచ్చులు లోపల మామూలు ఇనుము, పైన పూత. వీటితో వేరే ప్రమాదం. పూత లేచిన చోట తుప్పు పడుతుంది, తుప్పు తడి తోలుకు తగిలితే నీలి నలుపు మచ్చ పడుతుంది. ఇది మురికి కాదు, రసాయన చర్య. బెరడులోని వగరు పదార్థానికీ ఇనుముకూ పొత్తు కుదిరితే నల్లరంగు పుడుతుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచేది ఈ సూత్రం మీదే. మనకు దగ్గరలోని శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవారు కరక్కాయ రసంలో నానిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీటితో గీత గీస్తారు. గీత గీయగానే నల్లబడుతుంది. అక్కడ కావాలని చేసేది మన బెల్టు మీద మనకు తెలియకుండా జరుగుతుంది. తడి తోలు మీద ఇనుప ముక్క పెట్టి టీ తాగి వచ్చేలోపు మచ్చ తయారు. సబ్బుతో పోదు. నిమ్మరసం పల్చగా కలిపి అద్దితే చాలావరకు తగ్గుతుంది, వెంటనే మంచినీటితో తుడవాలి. పొదలకూరు, గూడూరు నిమ్మతోటలు పక్కనే ఉన్న మనకు దానికి కరువు లేదు.

ఎక్కువ కాలం మన్నేది స్టెయిన్‌లెస్ స్టీలు. దానికి పూత లేదు కాబట్టి రేగేదీ లేదు. మరలో చెక్కిన నగిషీ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఒక్క స్టీలు అచ్చు ధరకు పోత అచ్చులు నాలుగైదు వస్తాయి, అందుకే చెయ్యి వెనక్కి పోతుంది. స్టీలులోనూ రకాలున్నాయి. 303 రకం చెక్కడానికి సులువు, 304 తుప్పుకు బాగా ఆగుతుంది, మాలిబ్డినం కలిసిన 316 ఉప్పుగాలికి ఇంకా బాగా ఆగుతుంది. మైపాడు, కృష్ణపట్నం వైపు సముద్రానికి ఆనుకుని ఉండేవారికి ఈ తేడా పట్టించుకోదగినదే. ఇత్తడి అచ్చులు కూడా ఉంటాయి. ఇత్తడి వేడిని బాగా మోస్తుంది, కనుక పేరు గాని గుర్తు గాని వేడిచేసి నొక్కడానికి అనువు. ఫ్లై ప్రెస్సులో పెట్టి నొక్కితే చాలాకాలం వస్తుంది. సుత్తి దెబ్బకు మాత్రం అది ఆగదు, వంగి విచ్చుకుంటుంది. జిడ్డు ఉన్న తోలు మీద వదిలేస్తే చిలుము పచ్చగా అంటుతుంది.

అంగట్లో అచ్చు చేతికి వచ్చినప్పుడు ఏం చూడాలి? బరువు చూసి మోసపోవద్దు. జింకుకూ ఉక్కుకూ బరువులో తేడా కొద్దిగానే ఉంటుంది. అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళండి. మామూలు ఇనుము, ఉక్కు గట్టిగా అంటుకుంటాయి. జింకు, ఇత్తడి అంటవు. 304 వంటి స్టెయిన్‌లెస్ కూడా దాదాపు అంటదు, కనుక అంటలేదని వెంటనే తక్కువ రకమని తేల్చకూడదు. అప్పుడు కాడ పొడుగునా చూడండి, మూస రెండు సగాలు కలిసిన గీత సన్నగా కనిపిస్తే అది పోత. కాడను గాజు మీద దొర్లిస్తే ఊగకుండా దొర్లాలి. వంకర కాడతో ముద్ర ఒక పక్కకు లోతు పడుతుంది. అన్నిటికంటే గట్టి పరీక్ష తోలు ముక్క ఒకటి పదును చేసి తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయి, అక్కడే ఒక ముద్ర వేసి చూడటం. చాప అల్లిక అచ్చు అయితే ఒకటి కాదు, పక్కపక్కన పది వేయాలి. వరుస కలవకపోతే అచ్చు నాలుగు మూలలూ సమంగా లేవన్నమాట. ముద్ర వేసి చూడనివ్వని అంగడి దగ్గర ఖరీదైన అచ్చు కొనవద్దని మా సలహా.

కొనలేనివాడు చేయించుకోవచ్చు, చేసుకోవచ్చు కూడా. గింజ చుక్కలు, చిన్న గీతలు, అర్ధచంద్రాలు వంటి సాదా అచ్చులకు పెద్ద మేకు చాలు. మేకు మొన కోసి, చదును చేసి, సన్న ఆకురాయితో కావలసిన ఆకారం తీర్చి, నీటి కాగితంతో నునుపు చేయాలి. బాగా వాడే అచ్చుకు కమ్మరి దగ్గర పాత ఆకురాయి గాని లారీ కమాన్ పట్టీ ముక్క గాని ఇచ్చి చేయించవచ్చు. ముందు కాల్చి మెత్తబరచి ఆకారం తీర్చాలి. తర్వాత అయస్కాంతం అంటనంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి, మళ్ళీ గడ్డి రంగు తేలేవరకు సన్నగా వేడి చేయాలి. ఈ చివరి వేడి లేకపోతే అచ్చు గాజులా పెళుసుగా ఉంటుంది. ముఖం వైపు మాత్రమే గట్టి చేయించండి. దెబ్బ తినే తల గట్టిపడితే సుత్తి తగిలి ముక్క ఎగురుతుంది, కళ్ళలో పడే ప్రమాదం ఉంది. ఇటువంటి అచ్చు తుప్పు పడుతుంది కనుక తుడిచి వాడాలి, తడి తోలు మీద వదలకూడదు.

సుత్తి విషయం సగం మన్నిక. ఇనుప సుత్తి ఏ అచ్చుకైనా శత్రువు. చింత కొయ్య సుత్తి మంచిది, చుట్టిన పచ్చితోలు తలతో చేసినది ఇంకా మంచిది, నైలాన్‌దైనా పర్వాలేదు. కింద గట్టి బండ ఉండాలి. బల్ల మీద నేరుగా కొడితే దెబ్బ బల్ల తాగేస్తుంది, మనం ఇంకా గట్టిగా కొడతాము, అచ్చు నలుగుతుంది. గ్రానైటు పలకలు కోసే చోట రెండంగుళాల మందం ముక్క అడిగి తెచ్చుకుంటే చాలు. దాని కింద గోనెపట్టా మడిచి వేస్తే ఇరుగుపొరుగు వారికి నిద్ర పడుతుంది!

మన తీరంలో దాచుకోవడం ఒక విద్య. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. ఆ నెలల్లో తోలు త్వరగా ఆరదు, బూజు పడుతుంది, ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. పనయ్యాక అచ్చులను పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె తడిపిన గుడ్డతో మళ్ళీ తుడవాలి. మరునాడు ఆ నూనె పూర్తిగా పోయేలా తుడిచాకే తోలు మీద పెట్టాలి. అచ్చులను తోలు సంచిలో మాత్రం దాచవద్దు. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. బెరడు తోలులో తేమ, పులుపు గుణం రెండూ ఉంటాయి, లోపలి ఉక్కును అవి తినేస్తాయి. చిల్లులు వేసిన చెక్క దిమ్మెలో తలకిందులుగా నిలబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు పారేయకుండా ఆ డబ్బాలో వేయండి.

నీరు కూడా చూసుకోవాలి. తీరం ఊళ్ళలో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. కొన్నిచోట్ల బకెట్టు అడుగున ఎర్ర మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డి ఇనుమే. ఆ నీటితో తోలు తడిపితే అచ్చు ఎంత మంచిదైనా మచ్చలు తప్పవు. వాన నీరు పట్టి ఉంచుకోవడం మేలు.

డబ్బు లెక్క చెప్పి ముగిస్తాము. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చర్మకారులు, చెప్పులు కుట్టేవారు ఉన్నారు. శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఈ-వోచరు, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు రుణం అందులో ఉన్నాయి. కిట్టులో పూల అచ్చులు ఉంటాయని అనుకోకుండా ముందే అడిగి తెలుసుకోండి. సొంత డబ్బు పెట్టవలసి వస్తే యాభై ముక్కల సెట్టు జోలికి వెళ్ళవద్దు, అందులో రోజూ చేతికి వచ్చేవి ఆరేడే. గీత గీసే తిరుగుడు కత్తి ఒకటి, గీత పక్కన తోలును అణచే ఏటవాలు అచ్చు ఒకటి, రేకుకు నీడ ఇచ్చే బేరిపండు ఆకారం అచ్చు ఒకటి, నేపథ్యం నింపే చుక్కల అచ్చు ఒకటి, ఆకు ఈనెలకు ఒకటి, పూమధ్య గింజలకు ఒకటి. వీటిలో ఏటవాలు అచ్చు మిగతా వాటికంటే ఎన్నో రెట్లు దెబ్బలు తింటుంది. మొదటి డబ్బు దానికి పెట్టి స్టెయిన్‌లెస్ కొనండి. చుక్కలు, గింజలు మేకులతో సొంతంగా చేసుకోండి. మిగతావి ప్రస్తుతానికి పోతవే అయినా సరే, విరిగినప్పుడు ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు.