ముందు మేత అడుగు, తర్వాత సూది పట్టు

అక్కన్నపేట

బిడ్డా,

ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించాలని అడిగావు. అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఆ ఊసరవెల్లిని తెచ్చిన పిల్లవాడు దాన్ని ఎక్కడ ఉంచాడు, ఏం తినిపించాడు అన్న సంగతి నీ ఉత్తరం చివర్లో, అదీ మాటల మధ్య దొర్లింది. కిటికీ పక్కన అద్దాల తొట్టి. చేపల దుకాణంలో కొన్న తవుడు పురుగులు. జబ్బు అక్కడే తెలిసిపోయింది కదా!

ముంజేతులు వంకరపోవడం, కింది దవడ మెత్తబడడం, కొమ్మ మీద పట్టు తప్పడం బాగానే గమనించావు. నాలుక సంగతి మాత్రం రాయలేదు. పురుగు ఎదురుగా ఉన్నా నాలుక విసరలేకపోతోందా? విసిరినా సగంలోనే వాలిపోతోందా? కండరానికీ కాల్షియమే కావాలి, అది కూడా చూసి రాయి.

నెత్తురు పరీక్షలో కాల్షియం మామూలుగానే ఉందని మీ సీనియర్ కొట్టిపారేశాడన్నావు. ఆయనకు మర్యాద ఇవ్వు, ఆ మాట మాత్రం నమ్మకు. తిండిలో కాల్షియం తగ్గినా, భాస్వరం ఎక్కువైనా పారాథైరాయిడ్ గ్రంథి ఎముకలోంచి లాగి నెత్తురుకు సర్దుతుంది. కరువులో విత్తనపు గింజలు వండుకు తిన్నట్టు. గాదె అడుగంటేదాకా పొయ్యి మీద కుండ ఉడుకుతూనే ఉంటుంది. అందుకే ఎక్స్‌రే తీయించు. తీసేటప్పుడు కాళ్లు పట్టి సాగదీసేవు, ఆ ఎముకలు చేతిలోనే విరుగుతాయి.

ఇక సూది గురించి. విసుక్కోకుండా చదువు. ఈనిన మర్నాడు పడిపోయిన బర్రెను నువ్వింకా చూడలేదనుకుంటాను. మెడ మెలికపెట్టి తల డొక్కకు ఆనించి పడుకుంటుంది, చెవులు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. 450 మి.లీ. కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసా కట్టి నరంలోకి వదిలితే, కాసేపటికి ఒంట్లో సన్నటి వణుకు పుడుతుంది. త్రేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, ఆ తర్వాత లేచి నిలబడుతుంది. ఇంటిల్లిపాదీ నీకు దండం పెడతారు. ఆ దండమే మనల్ని చెడగొడుతుంది బిడ్డా. ఏది పడిపోయినా సీసా కడదామనిపిస్తుంది. సీసా ఇంకాస్త పైకెత్తమని రైతు తొందరపెడతాడు, పాపం ఆయన కష్టం ఆయనది. నువ్వు మాత్రం గుండె మీద స్టెతస్కోపు పెట్టి కూర్చో. కొట్టుకోవడంలో లయ తప్పిందా, గొట్టం నొక్కి పట్టు. బర్రెను లేపే మందే వేగంగా పోస్తే గుండెను ఆపుతుంది.

ఆ బర్రెకు వచ్చింది పాలజ్వరం, అది ఒక పూట లోటు. బర్రె ఎముకల్లో కాల్షియం ఉంటుంది, పాలలోకి పోయినంత వేగంగా బయటికి రాదు, అంతే. నీ ఊసరవెల్లిది నెలల లోటు. దాని ఎముకల్లోనే తరిగిపోయింది. వణుకు, మూర్ఛ ఉంటేనే సూది. లేకపోతే నోటి ద్వారా, ఓపిగ్గా, వారాల తరబడి. మోతాదు మీ పుస్తకంలో ఉంది, కానీ జీవిని తూచేది కిరాణా కాటా మీద కాదు, కంసాలి త్రాసు మీద.

తవుడు పురుగుల దగ్గరికొద్దాం. తవుడులో భాస్వరం మెండు, కాల్షియం బహు తక్కువ. తవుడు మీదే మేపిన గుర్రాలకు ముఖం ఎముకలు ఉబ్బిపోయే జబ్బు పాతకాలం నుంచీ ఉన్నదే. ఆ తవుడులో పెరిగిన పురుగూ అంతే. మిడతలైనా ముందు ఒక రోజు మునగాకు మేపి, పెట్టేముందు కాల్షియం కార్బొనేట్ పొడి అద్దు. మీ నాన్న బర్రెలకు వాడే మినరల్ మిక్చర్ చల్లకు, అందులో భాస్వరం కూడా ఉంటుంది.

కిటికీ పక్కన ఉంచాం, ఎండ తగులుతోందన్నాడట పిల్లవాడు. వెలుతురు తగిలింది. ఒంట్లో విటమిన్ డి3 తయారుకావడానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు అద్దం దగ్గరే ఆగిపోతాయి. పొద్దున లేత ఎండలో, వల గూట్లో, సగం నీడ ఉండేలా పెట్టు. మిట్టమధ్యాహ్నం పెడితే మాడి చస్తుంది. 2009లో అమెరికాలో కార్‌స్టెన్, ఫెర్గూసన్ బృందం పాంథర్ ఊసరవెల్లుల మీద ఒక సంగతి తేల్చింది: తిండిలో డి3 తక్కువైనవి ఆ కిరణాల్లోకి తామే ఎక్కువగా వెళ్తాయి, సరిపడా ఉన్నవి తక్కువగా వెళ్తాయి. ఎంత కావాలో దానికి తెలుసు, వెళ్లే దారి మనం ఇవ్వాలి. ఎండ బదులు అతినీలలోహిత దీపం పెట్టే పనైతే, గొట్టం వెలుగుతున్నా నెలలు గడిచేకొద్దీ ఆ కిరణాలు తగ్గిపోతాయని గుర్తుంచుకో.

ఆడదా, మగదా? అదీ రాయలేదు. గుడ్లు మోస్తుంటే లోటు ఇంకా పెరుగుతుంది. కోడిగుడ్డు పెంకు ఒక్కదానికే దాదాపు 2 గ్రాముల కాల్షియం పోతుంది. పెంకు రాత్రిపూట కడుతుంది కాబట్టి మన కోళ్లఫారాల్లో గవ్వల పలుకులు సాయంత్రం వేస్తారు. ఊసరవెల్లి గుడ్డు పెంకు అంత గట్టిగా ఉండదు, కానీ ఒక్కసారే పదులకొద్దీ పెడుతుంది.

వంగిన ఎముక గట్టిపడుతుంది, తిన్నగా కాదు. ఆ సంగతి పిల్లవాడికి ముందే చెప్పు. మన ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి, ఇంట్లో పెంచడం నేరం. వాడికి తెలియక తెచ్చుకున్నాడు. కసురుకోకు, కసిరితే ఇంకోసారి దవాఖానకే తీసుకురాడు. ఈ రోజే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చెయ్యి. వాళ్లు వచ్చేలోగా గూట్లో కొమ్మలన్నీ కిందికి దించి, అడుగున మెత్తటి బట్ట పరుచు.

బరువు, ఎక్స్‌రే సంగతి, నాలుక సంగతి వెంటనే రాయి.

నీ తాత